చెయ్యి లేచింది!

లాస్ కోమాస్ పశువుల ర్యాంచిలో గుర్రాన్ని తిట్టడానికి బోలెడు మాటలున్నాయి. కుంటిదనొచ్చు, మొండిదనొచ్చు, తిండిపోతనొచ్చు. అవేవీ పెద్ద తిట్లు కావు. "దానికి ఆవు మీద కన్ను లేదు" అన్నారంటే మాత్రం ఇక దాని పేరు కొట్టేసినట్టే. అలాంటి గుర్రం అక్కడ నాలుగో ఏడు దాటి ఉండదు. ఏటా జూన్‌లో శాన్ హ్వాన్ పండగ మర్నాడు బేరగాడి ట్రెయిలర్ వస్తుంది, ఎక్కించుకుని పోతుంది. ఎటు పోయిందని ఎవరూ అడగరు. అడిగినా చెప్పే నాథుడు లేడు.

లిబ్రాడా పెంచిన ఆడగుర్రానికి ఆ ఏడే నాలుగు నిండాయి.

దాని పేరు లెచూసా. అంటే గుడ్లగూబ. పుట్టినప్పుడు ఒంటికంటే కళ్లే పెద్దవిగా ఉన్నాయని ఎవరో వేళాకోళానికి పెట్టారు, అదే స్థిరపడిపోయింది. గుడ్లగూబ పేరు గుర్రానికి పెడితే అరిష్టమని ముసలమ్మలు దిష్టి తీశారు. వాళ్లు అన్నట్టుగానే, పిల్ల పుట్టిన వారానికే తల్లిని నాగజెముడు పొదలో పాము కరిచింది. లిబ్రాడా ఆ పసిదాన్ని వంటింటి వెనక పాకలో పడుకోబెట్టి, వదిన అంపారో మేకల పాలు సీసాలో పట్టి బతికించింది. అందుకే అంపారో దాన్ని "మా మేకల చెల్లెలు" అంటుంది. లిబ్రాడా ఎటు పోతే అటు వెంటపడేది. కాస్త పెరిగాక జీను లేకుండా, కళ్లెం లేకుండా, ఉత్త మోకాళ్లతో నొక్కుతూ దాని మీదెక్కి తుమ్మతోపులన్నీ తిరిగొచ్చేది లిబ్రాడా. అంత చనువు ఇద్దరికీ.

కానీ చనువు వేరు, ఆవు మీద కన్ను వేరు.

మంద మీద పెత్తనమంతా లిబ్రాడా మేనమామ ఫిదెన్సియోది. యజమానురాలు ఎక్కడో శాన్ ఆంటోనియోలో ఉంటుంది. ఏ గుర్రం ఉండాలి, ఏది పోవాలి అనేది ఆయన నోటి మాట. పండగకు నెల ముందు ఓ పొద్దున ఆయన కంచె మీద మోచేతులానించి, మేనకోడలు లెచూసాను ఆవు ముందు పెట్టడం చూశాడు.

చూడడానికి పెద్ద విద్యలా ఉండదది. రౌతు గుర్రాన్ని మెల్లగా మందలోకి నడిపించి ఒక ఆవును బయటికి తెస్తాడు. అది బయటపడగానే, కళ్లెం పట్టిన చేతిని దించి గుర్రం మెడ మీద ఆనిస్తాడు. అక్కడితో మనిషి పని సరి. ఆవు మళ్లీ మందలో దూరాలని చూస్తుంది. దూరనివ్వకుండా అడ్డంపడడం గుర్రం వంతు. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో గుర్రమే చూసుకోవాలి. మనిషి బస్తాలా కూచోవాలి. అంతే. ఆ బస్తాలా కూచోవడమే చాలామందికి చేతకాదు.

లిబ్రాడా చెయ్యి దించింది. ఎర్రావు ఎడమకు ఉరికింది. లెచూసా ఒక్క అడుగు వేసింది, ఆగిపోయింది. చెవులు వెనక్కి తిప్పింది. ఆవు దాని ముక్కు కిందుగా పోయి మందలో కలిసింది.

"ఈగ వాలితే తోకాడిస్తుంది. ఆవు పోతే అదీ లేదు," అన్నాడు ఫిదెన్సియో.

"ఇంకా నేర్చుకుంటోంది మావయ్యా."

"నేర్పితే వచ్చేదైతే నేనే నేర్పుదును కదే! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. పుట్టుకతో రాని బుద్ధి పుడకల దాకా పోయినా రాదు. అంతే లెక్క."

"దీని తల్లిని మించింది ఈ చుట్టుపక్కల లేదన్నది నువ్వే."

"తల్లి గొప్పదే. ఆ తల్లి పనిచేస్తుంటే ఇది చూసిందా? సీసాపాలు తాగిన దానికి సీసా మీదే కన్ను."

"పుట్టుకతో వచ్చేదన్నావు కదా ఇప్పుడే. మళ్లీ చూడడమెందుకు?"

ఫిదెన్సియో టోపీ సర్దుకున్నాడు. "నోరు మాత్రం అచ్చం మీ అమ్మదే వచ్చింది నీకు. అదెవరు నేర్పారే?"

కంచె మీద కూచున్న ఆయన కొడుకు ఎలిసెయో పకపకా నవ్వాడు. అతని గుర్రం కోలొరాడో మూడేళ్లుగా పండగనాటి ఈ ఆవుల ఆటలో గెలుస్తూ వస్తోంది. "మరదలా, గుడ్లగూబకు పగలు కనపడదు. రాత్రి పూట ఆడించి చూడరాదూ!"

"నీ మొహం కనపడకుండా ఉండాలంటే అదే మంచిది బావా," అంది లిబ్రాడా.

నవ్వులాటలో పడి ఫిదెన్సియో ఒక మాట జారాడు. శాన్ హ్వాన్ నాడు ఆ ర్యాంచిలో ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు పోసుకోవడం రివాజు. పాలు తాగే పిల్లల నుంచి పళ్లూడిన ముసలాళ్ల దాకా ఎవరినీ వదలరు, ఒక్క ఫిదెన్సియోను తప్ప. ఆయన పెత్తనానికి వచ్చాక ఆయన మీద చుక్క పోసిన మనిషి లేడు. ఆయన చూపుకే చేతిలో బకెట్ ఆరిపోతుందని అంపారో అంటుంది.

"దానికి కన్నుందని పండగనాడు పదిమందిలో రుజువు చెయ్యి. ట్రెయిలర్ మాట ఎత్తను. ఇదిగో, ఈ టోపీ తీసి నీ ముందు తల వంచుతా, బకెట్ బోర్లించు," అన్నాడు.

"ప్రమాణమా?"

"ఫిదెన్సియో మాటకు మళ్లీ ప్రమాణమేంటే?"

*

పండగ దగ్గర పడేకొద్దీ లిబ్రాడాకు అన్నం సయించడం మానేసింది. రోజూ అదే వరస. ఆవు, ఒక్క అడుగు, రాయిలా ఆగిపోవడం. కొట్టింది లేదు, తిట్టింది లేదు. రాత్రిళ్లు పాకలోకి పోయి దాని మెడ మీద తల పెట్టుకుని, "ఏమ్మా, నీకేం కనిపిస్తోంది?" అని అడిగేది. అది ఆమె అరచెయ్యి నాకేది. చిన్నప్పుడు సీసా పట్టుకున్న చెయ్యి అది.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం. ర్యాంచి అంతా తిని పడుకునే వేళ. కుక్కలు కూడా ట్రక్కు కింద నాలుకలు వేలాడేసుకుని పడున్నాయి. లిబ్రాడా నీళ్ల బకెట్ పట్టుకుని గుర్రాల దొడ్డి వైపు వస్తూ, దొడ్డిలో దుమ్ము లేవడం చూసి తుమ్మచెట్టు చాటున ఆగిపోయింది.

అంపారో మేకల్లో ఒక దొంగమేక ఉంది. ఏ కంచెలో ఏ సందు ఉందో దానికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆ వేళ అది దొడ్డిలో దూరి లెచూసా దాణా తొట్టి వైపు పోతోంది. లెచూసా దానికి అడ్డంగా నిలబడి ఉంది.

మేక కుడికి పోయింది. లెచూసా కుడికి జరిగింది. మేక ఎడమకు దూకింది. లెచూసా ముందుకాళ్లు చాపి, రొమ్ము నేలకు ఆనేంతగా వంగి, ఒక్క ఊపులో ఎడమకు తిరిగి దాని మొహంలో మొహం పెట్టింది. మేక ఆగితే ఇదీ ఆగింది. మేక చెవి కదిపితే దీని భుజం కండ వణికింది. మేక ఒక కొత్త ఎత్తు వేసింది. పోనట్టు తిరిగి, చటుక్కున వెనక్కి దూకింది. లెచూసా అప్పటికే అక్కడుంది. మేక మనసులో అనుకోకముందే దీనికి తెలిసిపోతున్నట్టుంది. దాని పెద్ద కళ్లు మేక మీద నుంచి పక్కకు తిరిగితే ఒట్టు.

లిబ్రాడా బకెట్ కింద పెట్టేసింది. లెచూసా తల్లి అచ్చం ఇలాగే వంగేది. ఇలాగే, ఎడమ భుజం ముందు పడేసి. తల్లి పని ఇది చూడనైనా చూడలేదు. ఎక్కడ దాచుకుంది ఇన్నాళ్లూ?

"ఒదినా!" అని కేకేసి పిలుద్దామని చెయ్యి నోటి దగ్గరికి ఎత్తింది.

లెచూసా టక్కున ఆగిపోయింది. మేకను వదిలేసింది. తల తిప్పి, చెవులు నిక్కించి, అంత దూరాన తుమ్మచెట్టు చాటున లేచిన ఆ చేతికేసి చూస్తూ నిలబడింది. మేక దాని కాళ్ల కింద నుంచి దూరిపోయి తొట్టిలో మూతి పెట్టేసింది.

లిబ్రాడా చెయ్యి దించింది. లెచూసా మేక వైపు తిరిగింది. మళ్లీ ఎత్తింది. లెచూసా మళ్లీ ఆమె వైపు చూసింది.

వంటింటి గుమ్మంలో నుంచి ఇదంతా చూసిన అంపారో నడుముకు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చూశా, చూశా. గొంతు చించుకోకు. దానికి కన్ను లేకేం, లక్షణంగా ఉంది. నీ చేతికే లేదు ఒదినా బుద్ధి."

"నేను చెయ్యి దించే ఉంచుతాను కదా ఒదినా. అందరూ చూస్తూనే ఉన్నారు!"

"కంచె మీద కూచున్నోళ్లకు కనపడదు. నోట్లో ఇనుము ఉన్న దానికి తెలుస్తుంది. నువ్వు వేలు బిగించినా దానికి తెలుస్తుంది. నాలుగేళ్ల పాటు ఆ చేతిలో నుంచి తిండి తిన్నది. ఆ చెయ్యి కదిలితే ఆవేంటి, దేవుడు దిగొచ్చినా చూడదు."

లిబ్రాడా తన చెయ్యి తిప్పి చూసుకుంది. రెండేళ్ల కింద ఒక గుర్రం కాలు జారి ఆమెను నాగజెముడు పొదలో విసిరేసింది. భుజం విరిగింది. ముళ్లు తియ్యడానికి అంపారోకు రెండు రోజులు పట్టింది. భుజం అతుక్కుంది గానీ, ఆనాటి నుంచి కింద గుర్రం ఏ మాత్రం వంగినా ఆమె చెయ్యి తనంతట తానే పైకి గుంజుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియనే లేదు. తెలిసినదల్లా ఆ గుర్రానికి. పడిపోతున్న మనిషి చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలని చూస్తుంది. పుట్టిన బిడ్డ గుప్పెట కూడా అంతే కదా. అదీ పుట్టుబుద్ధే. గుర్రం పుట్టుబుద్ధికి మనిషి పుట్టుబుద్ధి అడ్డం కూచుంది.

"ఏం చెయ్యను ఒదినా?"

"కోడిగుడ్డు పట్టుకో," అంది అంపారో. "కళ్లెంతో పాటు గుడ్డు గుప్పిట్లో పెట్టుకుని ఎక్కు. బిగిస్తే చితుకుతుంది. సిగ్గేసి చెయ్యే నేర్చుకుంటుంది."

ఆ వారమంతా లాస్ కోమాస్‌లో ఎవరికీ గుడ్డు దొరకలేదు. రోజూ పొద్దున లిబ్రాడా జీను మీద పచ్చసొన కారేది. లెచూసా మెడ వెంట్రుకలు అట్టలు కట్టాయి. ఎలిసెయో చూసి, "మరదలా, గుర్రాన్ని వేయిస్తున్నావా, ఉడకబెడుతున్నావా?" అని అడిగాడు. చివరికి అంపారో బుట్ట తీసి దాచేసింది. "నీ చెయ్యి నేర్చుకునేలోపు నా కోళ్లు ముట్లుడిగిపోతాయి. ఇంక చాలు తల్లీ."

చెయ్యి నేర్చుకోలేదు. చెప్పినప్పుడల్లా సరే అంటుంది. గుర్రం వంగగానే మాట తప్పుతుంది.

*

శాన్ హ్వాన్ పండగ తెల్లారుతూనే నీళ్లతో మొదలైంది. గోతిలో తెల్లవార్లూ మగ్గిన తలమాంసం వాసన, మొక్కజొన్న రొట్టెల వాసన, తడిసిన గుర్రాల వాసన కలిసిపోయి ర్యాంచి అంతా కమ్ముకుంది. చుట్టుపక్కల ర్యాంచీల వాళ్లంతా కంచెల మీద పిచ్చుకల్లా వాలారు. అందరూ నిలువునా తడిసినవాళ్లే. ఫిదెన్సియో ఒక్కడే ఇస్త్రీ మడత నలగని చొక్కాలో, పొడి టోపీతో తిరుగుతున్నాడు.

నీడలో కుర్చీ వేసుకుని కోస్మె తాత కూచున్నాడు. తీర్పు ఆయనదే. కళ్లు మసకబారాయి గానీ ఆవు కదిలితే ఆయన మోకాలు కదులుతుంది, అది చూసి జనం అర్థం చేసుకుంటారు. పక్కన నీవెస్ తన వాయిద్యం, అకార్డియన్ పెట్టె పట్టుకుని ఉన్నాడు. ఒక్కో రౌతుకు రెండు ఆవులు. ఒక్కో ఆవుకు నీవెస్ ఒక పోల్కా, అంటే హుషారైన డాన్సు పాట, వాయిస్తాడు. పోల్కా అయిపోయే దాకా ఆవును ఆపాలి. మధ్యలో చెయ్యి లేస్తే జనమంతా ఒక్క గొంతుతో "చెయ్యి లేచింది!" అని అరుస్తారు. ఆ ఆవు ఇక లెక్కలోకి రాదు.

ఎలిసెయో ఎప్పటిలాగే బాగా ఆడాడు. కోలొరాడో రెండు ఆవుల్నీ పోల్కా ఆఖరు దాకా ఆపింది. జనం ఈలలు వేశారు. ట్రెయిలర్ బేరగాడు ఈసారి ఒక రోజు ముందే వచ్చి, గేటు బయట తుమ్మనీడలో బండి పెట్టుకుని రొట్టె తింటున్నాడు. బండి వెనక తలుపు తెరిచే ఉంది. లిబ్రాడా అటు చూడకూడదనుకుంది. చూసింది.

"లిబ్రాడా, లెచూసా!" అని కేక పడింది.

మందలోకి లెచూసా నీళ్లలో దిగినట్టు దిగింది. లిబ్రాడా తెల్లమచ్చల ఆవునొకదాన్ని బయటికి తెచ్చింది. చెయ్యి దించి మెడ మీద పెట్టింది. నీవెస్ అందుకున్నాడు. ఆవు మొదటిసారి కుడికి వచ్చింది. లెచూసా కుడికి కదిలింది. కంచె మీద జనం ముందుకు వంగారు. ఆవు ఎడమకు విరిగింది. లెచూసా ముందుకాళ్లు చాపి వంగింది.

నేల జారిపోయినట్టయింది లిబ్రాడాకు. నాగజెముడు ముళ్లు మళ్లీ వీపులో దిగినట్టయింది. అంతే.

"చెయ్యి లేచింది!"

కళ్లెం బిగిసింది. లెచూసా నిలువునా ఆగి, చెవులు వెనక్కి తిప్పింది. ఆవు తోక ఎత్తుకుని మందలోకి పోయింది. నీవెస్ పోల్కా నడిమధ్యలో తెగింది.

ఎవరూ నవ్వలేదు. ఎలిసెయో కూడా నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆమెకు.

ఫిదెన్సియో కంచె దూకి లోపలికి వచ్చాడు. ఆయన మొహంలో గెలిచిన జాడ లేదు. మేనకోడలి కాలి దగ్గర నిలబడి, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నాడు. "చాల్లే పిల్లా. దిగు. నువ్వు చెయ్యగలిగింది చేశావు. లేనిదాన్ని ఎక్కణ్ణించి తెస్తావు? కళ్లెం ఇలా ఇవ్వు, నేను తోలుకుపోతా."

ఆయన చెయ్యి చాపాడు.

లిబ్రాడా ఆ చాపిన చెయ్యి చూసింది. తన చేతిలో కళ్లెం చూసింది. ఇన్నాళ్లూ చేతికి బుద్ధి చెప్పాలని చూసింది. గుడ్డు పెట్టింది, తిట్టింది, బతిమాలింది. ఆ చేతిలో నుంచి తాడు తీసేద్దామని మాత్రం ఒక్కసారైనా తట్టలేదు. కళ్లెం లేకుండా తుమ్మతోపులన్నీ తిరిగినవాళ్లం కదా మేమిద్దరం!

ఆమె ముందుకు వంగి, లెచూసా చెవుల వెనక పట్టీ జార్చింది. ఇనుము నోట్లో నుంచి టంగుమని పళ్లకు తగిలి బయటికొచ్చింది.

"ఇదిగో మావయ్యా. కావాలన్నావుగా, తీసుకో."

ఫిదెన్సియో చేతిలో కళ్లెం పడింది, పగ్గాలతో సహా. ఆయన దాన్ని చూశాడు, బోడితలతో నిలబడ్డ గుర్రాన్ని చూశాడు. "ఒసే పిచ్చిదానా, చస్తావే! మందలో అది బెదిరిందంటే ఎలా ఆపుతావు?"

"ఆపను," అంది లిబ్రాడా. "ఆపీ ఆపీ కదా ఇంతదాకా తెచ్చాను."

"కోస్మె తాతా!" అని అరిచాడు ఫిదెన్సియో. "ఇది కుదరదని చెప్పు దీనికి."

కోస్మె తాత గడ్డం గోక్కున్నాడు. "చెయ్యి లేవకూడదనే రివాజు గానీ, కళ్లెం ఉండి తీరాలని మా నాయన చెప్పలేదు, వాళ్ల నాయనా చెప్పలేదు. దానికి ఇంకో ఆవు బాకీ ఉంది. ఆడనియ్యి."

అంపారో కంచె మీద నుంచి, "పడితే ఈసారి ముళ్లు నువ్వే తీసుకో ఒదినా!" అని అరిచింది. భయం కప్పిపుచ్చుకోవడానికే ఆ అరుపు.

లిబ్రాడా మోకాళ్లతో నొక్కింది. లెచూసా మందలోకి నడిచింది. ఆవులు పాయలుగా చీలి దారిచ్చాయి. అంచున నల్లావు ఒకటి ఉంది. బక్కపలచటిది, చెడ్డ పొగరుమోతు, అంతకుముందు ఇద్దరు రౌతుల్ని ఏడిపించింది. దాన్ని ఎంచుకోవాలని లిబ్రాడా అనుకోలేదు. లెచూసాయే ఎంచుకుంది. పెద్ద కళ్లు దాని మీద నిలిపి, అడుగు అడుగుగా తోసుకుంటూ బయటికి తెచ్చింది.

లిబ్రాడా ఒట్టి చెయ్యి దాని మెడ మీద పెట్టింది. నీవెస్ వాయించడం మొదలెట్టాడు.

నల్లావు నిలబడి చూసింది. ఎదురుగా గుర్రం తలకు తోలు లేదు, తాడు లేదు. ఏదో అనుమానం వచ్చినట్టు తల విదిలించి ఎడమకు దూకింది. లెచూసా వంగింది. రొమ్ము దుమ్ములో ఆనింది. లిబ్రాడా కింద నుంచి లోకం జారిపోయింది. ఆమె చెయ్యి లేచింది! వేలెడు కాదు, ఎముకలు పటపటమనేలా తల మీదికి లేచి, అయిదు వేళ్లూ బిగించి గాలిని గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి లేచింది!" అని సగం కంచె అరిచింది. మిగతా సగం నోళ్లు తెరిచే ఉండిపోయాయి. ఎందుకంటే గుర్రం ఆగలేదు.

దాని నోట్లో ఏమీ బిగియలేదు. చెయ్యి ఎక్కడో వీపు మీద, కంటికి ఆనని చోట గాలితో కుస్తీ పడుతోంది. ముందున్నది ఒక్క ఆవే. లెచూసా దాని మొహంలో మొహం పెట్టింది.

"చెయ్యి లేచింది తాతా! కళ్లు కనపడట్లేదా?" అని ఎలిసెయో అలవాటు కొద్దీ కేక పెట్టాడు.

"కనపడింది లేరా. లేచి ఏం పట్టుకుంది?"

"...గాలి."

"గాలి పట్టుకుంటే తప్పని ఎవడన్నాడు? నోరు మూసుకుని ఆట చూడు!" కోస్మె తాత మోకాళ్లు రెండూ కుడికీ ఎడమకూ ఊగిపోతున్నాయి.

అక్కడి నుంచి జరిగింది లాస్ కోమాస్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నల్లావు కుడికి పోతే లెచూసా కుడి. ఎడమకు పోతే ఎడమ. ఆవు నిలబడి ఆలోచిస్తే ఇది నిలబడి వణికింది. ఆవు కంచె వెంట పరుగు తీస్తే ఇది పక్కనే నీడలా పరుగు తీసి, దానికంటే ముందు ఆగి, ముందు తిరిగింది. దొంగమేక వేసిన ఎత్తే నల్లావూ వేసింది. పోనట్టు తిరిగి, చటుక్కున వెనక్కి. ఆ ఎత్తుకు మందు లెచూసా దగ్గర ఎప్పుడో ఉంది. ఎడమ భుజం ముందు పడేసి వంగిన ఆ వంపు చూసి, కళ్లెం పట్టుకుని నిలబడ్డ ఫిదెన్సియో పెదాల మీద చచ్చిపోయిన తల్లి గుర్రం పేరు కదిలింది.

లిబ్రాడా రెండోసారి గాలిని పట్టుకుంది. మూడోసారీ పట్టుకుంది. ప్రతిసారీ పడిపోతున్నాననే అనుకుంది, ప్రతిసారీ జీనులోనే ఉంది. భయం పోలేదు. కానీ అది అరుస్తోందే గానీ దాని అరుపుకు ఎవరూ ఆగడం లేదు. వినేవాళ్లు లేని అరుపు ఎంతసేపు సాగుతుంది? తర్వాతి వంపులో చెయ్యి సగం లేచి, ఎందుకో మరిచిపోయినట్టు ఆగింది. ఆ తర్వాతి వంపులో అసలు లేవలేదు. ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియదు. చూసుకునేసరికి అది లెచూసా మెడ మీద, చెమటతో తడిసిన వెంట్రుకల్లో, పడుకున్న పిల్లిలా ఉంది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ నేర్పలేదు. కింద గుర్రం ఎటు వంగబోతోందో నడుముకు ముందే తెలిసిపోతోంది. ఆవుకు తెలిసినట్టు గుర్రానికి, గుర్రానికి తెలిసినట్టు ఆమెకు.

నల్లావు ఆఖరుకు అలిసిపోయి, మందకు వీపు తిప్పి, నాలుక బయటపెట్టి నిలబడింది. ఇంక నా వల్ల కాదని ఆవు తనంతట తాను ఒప్పుకోవడం ఆ దొడ్డిలో ఎవరూ చూసి ఎరగరు.

అప్పుడు గమనించారు, పోల్కా ఎప్పుడో అయిపోయింది. నీవెస్ ఆపడం మరిచిపోయి అదే మళ్లీ మొదటి నుంచి వాయిస్తున్నాడు. కళ్లు గుర్రం మీదే ఉన్నాయి.

"ఆపరా నాయనా, ఆవుకు జాలి చూపించు!" అన్నాడు కోస్మె తాత. కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. తీర్పు చెప్పేటప్పుడు ఆయన నిలబడడం అదే మొదలు. "దీనికి కన్ను లేదన్న మగాడెవడో ముందుకు రమ్మనండి. నాకంటే గుడ్డివాణ్ణి ఒకసారి చూడాలి."

కంచెలు కదిలిపోయాయి. కేకలు, ఈలలు, టోపీలు గాలిలోకి ఎగిరాయి. గేటు బయట బేరగాడు రొట్టె ముగించి, చేతులు దులుపుకుని, ట్రెయిలర్ తలుపు గడియ పెట్టుకున్నాడు. మొదటి బకెట్ తెచ్చి లిబ్రాడా నెత్తిన గుమ్మరించింది ఎలిసెయోనే. "గెలిచింది నువ్వు కాదు మరదలా, గుర్రం. నీకు తడుపు మాత్రమే." అని, కోలొరాడో గుర్రం మెడ తట్టి దాని చెవిలో, "నువ్వేం బాధపడకు, మనకు సీసాపాలు దొరకలేదు," అన్నాడు.

అందరూ ఒక పక్కకు చూడడం మొదలెట్టారు. ఫిదెన్సియో దొడ్డి మధ్యలో నుంచి నడిచి వస్తున్నాడు. ఒక చేతిలో కళ్లెం, ఇంకో చేతిలో నిండు బకెట్.

ఆయన లెచూసా ముందు ఆగాడు. దాని పెద్ద కళ్లలోకి చాలాసేపు చూశాడు. అది ఆయన భుజం మీద నుంచి ఆవుల వైపు చూస్తోంది.

"నన్ను లెక్కచెయ్యట్లేదు చూడు," అన్నాడు. "ఆవు కనపడుతుంటే అచ్చం వాళ్లమ్మా ఇంతే."

"మరి తల్లి పని చూడలేదు కదా మావయ్యా ఇది?"

"నోరు మూస్తావా, బకెట్ పోస్తావా?"

ఆయన టోపీ తీశాడు. అక్కడున్న సగంమందికి ఆయన బట్టతల చూడడం అదే మొదలు. ఎండ ముఖం చూడని ఆ తలను మేనకోడలి ముందు వంచాడు. ఇస్త్రీ చొక్కా మడత ఇంకా నలగలేదు.

లిబ్రాడా కళ్లెం లేని గుర్రం మీద కూచునే బకెట్ అందుకుంది. ఒకప్పుడు విరిగిన భుజమే. అదే చెయ్యి. బకెట్‌తో సహా తల మీదికి ఎత్తింది, ఎంత ఎత్తగలదో అంత ఎత్తుకు. ఈసారి ఆమె చెబితేనే లేచిందది. లెచూసా చెవి కూడా కదపలేదు.

కంచెల మీద జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

"చెయ్యి లేచింది!"

నీళ్లు పడ్డాయి.